థర్మోకోల్ చెట్టూ, తనంతట తానే తెరుచుకునే చెత్తబుట్టా

మొన్నామధ్య మా అమ్మాయి చదివే బళ్ళో సైన్స్ ఫెయిర్ పెట్టారు. అంశం "మన పరిసరాలు, మన సమస్యలు, మన పరిష్కారాలు". తల్లిదండ్రుల్లో "టెక్నికల్ బ్యాక్‌గ్రౌండ్" ఉన్నవాళ్ళని నలుగుర్ని ఏరి జడ్జీలుగా రమ్మన్నారు. అందులో నేనొకణ్ణి. (మా అమ్మాయి తరగతికి కాదు లెండి, ఆరూ ఏడూ తరగతులకి.) ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెళ్ళో బ్యాడ్జీ తగిలించుకుని బయల్దేరాను.

మొత్తం 41 ప్రాజెక్టులు. పాడలవాటు కొద్దీ లెక్క రాసుకున్నాను. చెయ్యి దగ్గర పెడితే మూత తనంతట తానే తెరుచుకునే చెత్తబుట్టలు ఏడు. మట్టిలో తడి ఆరిపోతే మోటారు వేసే "స్మార్ట్ ఇరిగేషన్"లు ఆరు. ఇంకుడు గుంతలు తొమ్మిది, అందులో ఎనిమిదింటికి థర్మోకోల్ ఇల్లు, థర్మోకోల్ చెట్టు, థర్మోకోల్ మేఘం. సముద్రంలో ప్లాస్టిక్ కాలుష్యం గురించి ఒకటి. ఆ సముద్రం నీలం రంగేసిన థర్మోకోలు, అందులో చేపలు ప్లాస్టిక్‌వి. నేను జోకెయ్యట్లేదు, పక్కనే నిలబడి ఫొటో కూడా దిగాను.

సాయంత్రం కారు తీస్తుంటే వెనక గోడ దగ్గర ఆయమ్మలు అంతా ఊడ్చి కుప్ప పోస్తున్నారు. మర్నాడు పొద్దున్న పిల్లని దింపడానికి వెళ్ళి చూస్తే అక్కడ కుప్ప లేదు. నల్లటి మచ్చ ఉంది. పర్యావరణ సైన్స్ ఫెయిర్‌కి పర్యావరణం చెల్లించిన ఎంట్రీ ఫీజు అన్నమాట.

ఇంతకీ ఆ చెత్తబుట్టల్లో ఒకదాని దగ్గర ఆగి అడిగాను. "బాబూ, మీ వీధిలోకి చెత్త బండి వారానికి ఎన్నిసార్లొస్తుంది?" వాడు అల్ట్రాసోనిక్ సెన్సార్ ఎలా పనిచేస్తుందో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. బాగుందమ్మా, మరి మీ ఇంట్లో రోజుకి ఎంత చెత్త పడుతుంది, ఎన్ని కిలోలు? వాడు ఓసారి చార్టు కేసి చూశాడు, ఓసారి వెనక నిలబడ్డ వాళ్ళ నాన్న కేసి చూశాడు. "అంకుల్, అది మా ప్రాజెక్టులో లేదు."

పిల్లాణ్ణి ఏమనగలం. అది వాడి ప్రాజెక్టు కాదు కదా, వాళ్ళ నాన్నది. ఆయన కూడా మనవాడే, గచ్చిబౌలి వైపు ఏదో కంపెనీలో ఆర్కిటెక్టు. ప్రశ్న తన డిజైన్ మీద వచ్చినట్టే మొహం పెట్టాడు.

సరే, ఇక్కడ నా పాపం కూడా కడుక్కోవాలి. నిరుడు మా అమ్మాయి స్మార్ట్ ఇరిగేషనుకి రెండో బహుమతి వచ్చింది. ఆన్‌లైన్లో కిట్టు తెప్పించింది నేను. శనివారం రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని కోడు రాసింది నేను. సెన్సార్ రీడింగు ఊగుతోంటే పది రీడింగుల సగటు తీసి సర్దింది కూడా నేనే. అది పక్క గదిలో నిద్రపోయింది. పొద్దున్నే లేపి "ఇదిగో ఇలా చెప్పాలి" అని బట్టీ పట్టించాను. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదుంది, దాని మీద పేరు మాత్రం పిల్లది. మా ఇంట్లో ఉన్న పంట, రెండు తులసి కోటలూ ఒక కరివేపాకు కుండీ. వాటికి మా ఆవిడ మగ్గుతో నీళ్ళు పోస్తుంది. మోటారు అవసరం ఏనాడూ రాలేదు.

నా బాధ ఎలక్ట్రానిక్స్ మీద కాదు. పిల్లలు సోల్డరింగ్ నేర్చుకుంటే నాకు సంతోషమే. నా గొడవంతా ఏంటంటే, మనం రోజూ ఆఫీసులో తిట్టుకునే రోగాన్నే తీసుకెళ్ళి పిల్లలకి అంటిస్తున్నాం. క్లయింటు ముందు డెమో ఇచ్చేటప్పుడు ఏ బటన్ నొక్కాలో, ఏది నొక్కకూడదో మనకి తెలుసు. డెమో అయ్యాక చప్పట్లు కొడతారు. ఆ తర్వాత ప్రొడక్షన్‌లో ఏమవుతుందో కూడా మనకే తెలుసు, రాత్రి రెండింటికి ఫోనొచ్చేది మనకే కాబట్టి. అసలు సమస్య ఏంటి, ఎవరిది, ఎంత పెద్దది అని ఎవరూ అడక్కుండా పరిష్కారం మొదలుపెట్టిన ప్రాజెక్టులు ఎన్ని చూళ్ళేదు మనం! అదే పని పన్నెండేళ్ళ పిల్లాడితో చేయించి, పైగా దానికి సైన్స్ అని పేరు పెడుతున్నాం.

ఈసారి మా ఇంట్లో జరిగింది చెప్తాను. వేసవి మొదట్లో మా అమ్మాయి (ఎనిమిదో తరగతి) వంటింట్లో ఆర్వో మిషను వెనక నుంచి సింకులోకి పోయే సన్న గొట్టం చూసి "నాన్నా, ఇది ఎప్పుడూ కారుతూనే ఉంటుందేంటి?" అంది. "అది వేస్టు వాటరమ్మా" అన్నాను. "ఎంత?" అంది. నాకు తెలీదు. ఆ మిషను కొని ఆరేళ్ళయింది, ఏటా సర్వీసుకి డబ్బులు కడుతున్నాను, ఎంత పారబోస్తుందో ఒక్కసారి కూడా చూడలేదు.

పాత పెయింటు బకెట్టు ఒకటి కడిగి గొట్టం కింద పెట్టింది. లీటరు గుర్తులున్న మగ్గుతో పది రోజులు కొలిచింది. సగటున రోజుకి మేం తాగడానికీ వంటకీ వాడింది 17 లీటర్లు. బకెట్లోకి పోయింది 52. అంటే లీటరు మంచినీళ్ళకి మూడు లీటర్లు గంగలో. కాదు, గంగలో కూడా కాదు, డ్రైనేజీలో.

తర్వాత మా బ్లాకులో ఇల్లిల్లూ తిరిగింది. అపార్టుమెంటులో 60 ఫ్లాట్లు. ఇది 14 తలుపులు కొడితే ఇద్దరు "ఇప్పుడు కాదమ్మా" అన్నారు, 12 ఇళ్ళలో కొలవనిచ్చారు. అందులో ఆర్వో ఉన్నవి తొమ్మిది, మిగతా మూడు ఇళ్ళలో క్యాన్లు, యూవీ ఫిల్టర్లూను. ఒక ఇంట్లో ఒకటికి రెండు, ఒక ఇంట్లో ఒకటికి ఆరు! (ఆ మిషనుకి ఏళ్ళ తరబడి ఎవరూ పార్టులు మార్చలేదట.) ఇంటికి రోజుకి సుమారు 50 లీటర్లు అని తేలింది. దాన్ని మొత్తం అపార్టుమెంటుకి లెక్కేసి, నెలకి 67,500 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పదమూడున్నర అని చార్టు మీద పెద్దక్షరాలతో రాసేసింది.

అప్పుడు మూడో అంతస్తు మామ్మగారు దాన్ని ఆపి "నేను ఆ నీళ్ళు పారబొయ్యనే, ఇల్లు తుడవడానికి పట్టి పెడతాను. నా నీళ్ళెందుకు కలిపావు?" అని కడిగేశారు. పిల్ల మళ్ళీ తొమ్మిది ఇళ్ళకీ తిరిగింది. ఇద్దరు వాడుకుంటున్నారు, ఏడుగురు పారబోస్తున్నారు. లెక్క మారింది. నెలకి 52,500 లీటర్లు, పదిన్నర ట్యాంకర్లు. చార్టు మీద పాత అంకె కొట్టేసి, పక్కన కొత్తది రాసి, ఎందుకు మారిందో కింద చిన్నక్షరాలతో రాసింది. "చార్టు పాడైపోయింది నాన్నా, మళ్ళీ రాయనా?" అనడిగింది. అలాగే ఉంచమన్నాను. నేను చేసిన సాయం అదొక్కటే. కోడు ఒక్క లైను కూడా లేదు, ప్రమాణ పూర్తిగా చెప్తున్నా.

తెలిసిన ఇళ్ళకే వెళ్ళింది కాబట్టి 12 చూసి 60కి అంచనా కట్టడం గట్టి పద్ధతి కాదు. అది కూడా రాసింది. మొన్న వేసవిలో మా అసోసియేషను నెలకి 40 ట్యాంకర్లు కొంది. అంచనా కాస్త అటూ ఇటూ అయినా, కొన్న నీళ్ళలో నాలుగో వంతు దాకా సింకులోంచి జారిపోతున్నట్టే.

అసలు కథ ఇక్కడుంది. మూడు, నాలుగు వందలకి వచ్చే టీడీఎస్ మీటరు ఒకటి కొనిచ్చాను. మంజీర నీళ్ళు (మా ఏరియాలో మునిసిపల్ నీళ్ళన్నిటికీ అదే పేరు) సంపులో పడకముందే పట్టి చూస్తే 280. ట్యాంకర్లో వచ్చిన బోరు నీళ్ళు 1,100. రెండూ కలిసిన సంపులో 720. తాగే నీళ్ళకి 500 దాకా మేలు, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. అంటే మునిసిపాలిటీ వాడిచ్చే నీళ్ళకి ఉప్పు సంగతి వరకూ ఆర్వో అక్కర్లేదు. వాటిని మేమే తీసుకెళ్ళి బోరు నీళ్ళతో కలుపుతున్నాం. కలిపాక ఉప్పగా ఉన్నాయని ఆర్వో పెట్టాం. ఆర్వో మూడొంతులు పారబోస్తుంది. పారబోసింది పూడ్చుకోవడానికి మళ్ళీ ట్యాంకర్ కొంటాం. ఆ ట్యాంకర్ నీళ్ళతో సంపు ఇంకా ఉప్పనవుతుంది. ఇలాంటి లూపు మన జూనియర్ ఎవడైనా రాస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం. అరవై ఇళ్ళు, అందులో సగం పైగా ఇంజినీర్లు, ఆరేళ్ళుగా అందులోనే తిరుగుతున్నాం.

(టీడీఎస్ మీటరు సర్వరోగ నివారిణి కాదని కూడా చెప్పాలి. అది నీటిలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి ఉప్పు అంచనా కడుతుంది, అంతే. సూక్ష్మజీవులుంటే చెప్పదు, ఫ్లోరైడు ఎంతో విడిగా చెప్పదు. మంజీర నీళ్ళు మరగకాచో, యూవీ పెట్టుకునో తాగడం మంచిదే. ఇంకో తమాషా. ఆర్వో అమ్మడానికొచ్చేవాళ్ళు రెండు గ్లాసుల్లో కడ్డీలు ముంచి కరెంటు పెడతారు చూడండి, కుళాయి నీళ్ళు గోధుమ రంగు బురదలా అయిపోతాయి, ఆర్వో నీళ్ళు తేటగా ఉంటాయి. ఆ బురద నీళ్ళలోది కాదు, కడ్డీలోని ఇనుము. ఆర్వో నీళ్ళలో ఉప్పు లేదు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. ఆ తేట గ్లాసులో చిటికెడు ఉప్పు వెయ్యమనండి, అదీ బురదవుతుంది. ఆ డెమో చూసే కొన్నాను నేను. బీటెక్ ఫస్ట్ క్లాసు.)

2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వోలని నిషేధించాలనీ, మిగతాచోట్ల కూడా మిషన్లోకి పోయిన నీళ్ళలో కనీసం 60 శాతం వాడకానికి దక్కాలనీ కేంద్ర పర్యావరణ శాఖకి చెప్పింది. మా ఇంటి మిషను దక్కించేది 25 శాతం. నేను ఆ వార్త అప్పుడే చదివాను, అవునవును అనుకున్నాను, పేజీ తిప్పేశాను. బకెట్టు పెట్టడం మాత్రం తట్టలేదు.

ఈ ప్రాజెక్టుని మా అమ్మాయి ఫెయిర్‌లో పెట్టింది. ఒక బకెట్టు, ఒక మగ్గు, మీటరు, కొట్టివేతలున్న చార్టు, నోట్‌బుక్కు. జడ్జి గారు వచ్చి చూసి "వెరీ గుడ్. మోడల్ ఏదమ్మా?" అన్నారు. మోడల్ లేదంది. "మరి నీ ఇన్నోవేషన్ ఏంటి?" అదీ లేదంది. ప్రైజు చెత్తబుట్టకొచ్చింది. మన పిల్లకి రాలేదని ఏడుస్తున్నాడు అనుకుంటారేమో, అనుకోండి, కాస్త నిజమే. కానీ పక్క హాల్లో ఆరూ ఏడూ తరగతులకి నేను వేసిన మార్కుల షీటులో కూడా "వర్కింగ్ మోడల్"కి 30, "ప్రెజెంటేషన్"కి 20 ఉన్నాయి. కొలతకి, నోట్‌బుక్కుకి ఒక్క మార్కు లేదు. నేనే ఆ షీటు మీద సంతకం పెట్టాను.

ఇదంతా కొత్తగా కనిపెట్టక్కర్లేదు కూడా. 1993లో మన దేశంలో బాలల సైన్స్ కాంగ్రెస్ మొదలైంది. పది నుంచి పదిహేడేళ్ళ పిల్లలు జట్టుగా, ఒక టీచరు తోడుగా, తమ ఊళ్ళోనే ఒక సమస్య పట్టుకుని, తిరిగి, అడిగి, కొలిచి, లాగ్‌బుక్కులో రాసి తెచ్చి చెప్పాలి. ఇంగ్లీషు రావాలని లేదు, అమ్మ భాషలో చెప్పుకోవచ్చు. థర్మోకోల్ మోడల్ కాదు, చేసిన పనే లెక్క. దీన్ని రూపొందించిన వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాలి. మన బోటి కార్పొరేట్ స్కూలు తల్లిదండ్రుల్ని అడగండి, దాని పేరెంతమందికి తెలుసో! ఒలింపియాడ్ తెలుసు, రోబోటిక్స్ వర్క్‌షాపు తెలుసు.

ఇన్‌స్పైర్ మానక్ అని కేంద్రం ఇచ్చే ఇంకో పథకం ఉంది. ఎంపికైన పిల్లల ఖాతాలో పదివేలు వేస్తారు. జిల్లా పరిషత్ బడి పిల్లకి అదెంత ఊపిరో నాకు తెలుసు, నేనూ అలాంటి బళ్ళోంచి వచ్చినవాణ్ణే. కాబట్టి దాన్ని తీసిపారెయ్యను. కానీ అడిగేది కొత్త ఆలోచన, దాని నమూనా. అడిగినదానికి తగ్గట్టే పరికరాలు వస్తాయి. "మీ ఊరి గురించి మాకెవరికీ తెలియనిది ఒకటి కనుక్కుని రండి" అంటే వేరే రకం పిల్లలు ముందుకొస్తారని నా అనుమానం.

కొలవడం, గమనించడం చిన్న పని అనుకునేవాళ్ళకి ఒక పాత సంగతి. 1930లలో ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడం గమనించారు. అదే జబ్బు మనుషుల్లోనూ ఉందనీ, కారణం నీళ్ళలో ఫ్లోరైడనీ వైద్య పత్రికలకెక్కింది 1937లో. మన దేశంలో ఫ్లోరోసిస్ కథ అక్కణ్ణుంచే మొదలు. తర్వాత నల్గొండ బాధ తెలిసిందే. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడుని దించే పద్ధతిని నాగ్‌పూర్ నీరి వాళ్ళు తయారుచేశారు, దానికి నల్గొండ పేరే పెట్టారు. వరస చూడండి. ముందు ఎద్దు కుంటడాన్ని చూసిన రైతు, తర్వాత కొలిచిన డాక్టరు, ఆ తర్వాతెప్పుడో పరిష్కారం తెచ్చిన ఇంజినీరు. మనం పిల్లల్ని తీసుకెళ్ళి సరాసరి ఆఖరి మెట్టు మీద కూర్చోబెడుతున్నాం.

"మరి పిల్లలు నిజంగా కనిపెట్టరా?" అంటారు. కనిపెడతారు. తిరువణ్ణామలై అమ్మాయి వినిషా ఉమాశంకర్ సౌర శక్తితో నడిచే ఇస్త్రీ బండి తయారుచేసి 2020లో బాలల వాతావరణ బహుమతి గెలిచింది, మరుసటేడు గ్లాస్గో సదస్సులో మాట్లాడింది. కానీ ఆ పిల్ల మొదలుపెట్టింది సోలార్ ప్యానెలుతో కాదు. తన వీధిలో ఇస్త్రీ అతను కాలిన బొగ్గు పారబొయ్యడం చూసి, ఇలాంటి బళ్ళు ఎన్నుంటాయి, రోజుకెంత బొగ్గు పడుతుంది అని ఆలోచించడంతో. మన పేపర్లు బండి ఫొటో వేస్తాయి. ఆ ప్రశ్నని ఫొటో తియ్యడం కుదరదు కదా.

బెంగుళూరు మిత్రులు నవ్వుకోనక్కర్లేదు. బెళ్ళందూరు చెరువు నురగ కక్కుతూ, 2017 ఫిబ్రవరిలో మంటలంటుకుని పొగ చిమ్ముతుంటే ఆఫీసు అద్దాల్లోంచి వీడియోలు తీసింది మనమే. ఆ నురగలో మన వాషింగ్ మిషన్ల సబ్బు ఉంది. మీ అపార్టుమెంటు మురుగునీటి ప్లాంటు నిజంగా రోజుకి ఎన్ని గంటలు నడుస్తుందో మీ పిల్లల చేత కొలిపించండి చూద్దాం. కరెంటు మీటరు చదివితే చాలు, సెన్సార్ అక్కర్లేదు.

కొలిపించం. ఎందుకంటే చెత్తబుట్ట మూత తెరుచుకుంటే ఎవరికీ కోపం రాదు. అంకె బయటికొస్తే వస్తుంది. మా అమ్మాయి చార్టు చూసి అసోసియేషన్ సెక్రటరీ గారు, చాలా మంచి పెద్దాయన, బ్యాంకులో రిటైరయ్యారు, మెల్లగా నన్ను పక్కకి పిలిచి "పాప బాగా చేసిందండీ, కాకపోతే ట్యాంకర్ల లెక్క బయట స్కూల్లో పెట్టడం అవసరమా బాబూ? ఫ్లాట్ల రేట్లు కూడా చూసుకోవాలి కదా" అన్నారు. పై అంతస్తులో ఒకాయన "మీ పాప మా ఇంట్లో ఆరు లీటర్లు పోతున్నాయని రాసిందట" అని లిఫ్టులో మాట్లాడ్డం మానేశాడు. పేరు రాయలేదు మహాప్రభో, "ఇల్లు 7" అని రాసింది, అయినా ఆయనకి తెలిసిపోయింది. సైన్స్ టీచరు మేడమ్ పాపం వచ్చే ఏడాది "కొంచెం పాజిటివ్ టాపిక్" తీసుకోమన్నారు. ఆవిణ్ణి కూడా తప్పు పట్టను, ఆవిడకి నలభై రెండు మంది పిల్లలూ, ఫెయిర్‌కి ముఖ్య అతిథీ, అందరి తల్లిదండ్రులూనూ.

స్థానిక సమస్య అంటే స్థానికంగా ఎవరో ఒకరు దానికి కారణం అయి ఉంటారు. చాలాసార్లు అది మనమే. ఆ మాట పిల్లల నోట వినడానికి మనకి ధైర్యం లేదు, అందుకని చేతికి కిట్టు కొనిస్తున్నాం.

ఏతావాతా మా పిల్ల అడుగుతున్నది చాలా చిన్నది. మంజీర నీళ్ళకి సంపులో కలవకుండా వేరే చిన్న ట్యాంకు, అక్కణ్ణుంచి ఒక్కో అంతస్తుకి ఒక్కో కుళాయి. ప్లంబరుని అడిగి అంచనా రాయించుకుంది, కాగితం నా దగ్గరుంది. ఆ ఖర్చు ఎన్ని నెలల ట్యాంకర్లతో సమానమో కూడా లెక్కేసింది, కానీ ఆ అంకె మీటింగులోనే చెప్తానంటోంది, నాక్కూడా చెప్పట్లేదు. ఈ ఆదివారం జనరల్ బాడీ ఉంది. పిల్లకి ఐదు నిమిషాలిచ్చారు, అజెండాలో ఏడో అంశం. ఆరోది పార్కింగు.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళకి పార్కింగు చర్చ ఎంతసేపు నడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. టిఫిను తిని వెళ్దామని అనుకున్నాం. ఈలోగా మీ ఇంట్లో కూడా ఆర్వో ఉంటే ఓ బకెట్టు పెట్టి, లీటరుకి ఎన్ని లీటర్లు పోతున్నాయో కింద వ్యాఖ్యల్లో రాయండి, ఊరి పేరుతో సహా. ఫ్లాట్ నంబరు వద్దు.